దీపం ఎవరిది? ఇల్లు ఎవరిది?



"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అంటారు. గ్రౌండులో బాగా ఆడే పిల్లవాడు ఒకడు కనిపిస్తే చాలు, పెద్దవాళ్ల నోట ఈ సామెత వచ్చేస్తుంది. "వీడికి ఇప్పుడు టైము బాగుంది, ఇప్పుడే ఆడించాలి, ఇప్పుడే కప్పు కొట్టాలి" అంటారు. నేను అడిగేది ఒకటే. ఆ దీపం ఎవరిది? చక్కబడే ఇల్లు ఎవరిది? రెండూ ఒకరివే అయితే సామెత బాగానే ఉంది. దీపం పిల్లవాడిదీ, ఇల్లు ఇంకొకరిదీ అయితే మాత్రం దాన్ని దోపిడీ అనాలి.

ఈ మాట రుజువు చెయ్యడానికి అమెరికా బేస్‌బాల్ నుంచి డేవిడ్ క్లైడ్ అనే ఆటగాడి జీవితం తీసుకుంటున్నాను. క్రికెట్ వదిలేసి అంత దూరం ఎందుకు పోవాలి అని అడుగుతారేమో. బేస్‌బాల్‌లో ప్రతి ఆటగాడి లెక్కా తేదీలతో సహా రాసి ఉంటుంది. నేను మా బడి జట్టులో ఆడను, స్కోరు రాస్తాను. రాసి ఉన్న లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఆ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు చెబుతాను. బేస్‌బాల్‌లో బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. మన బౌలర్‌లాగా పరుగెత్తుకుంటూ రాడు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి వంచి, భుజాన్ని బాగా వెనక్కి తిప్పి, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి బలంకొద్దీ విసురుతాడు. ఒక మ్యాచ్‌లో వంద బంతుల దాకా విసరడం మామూలే. ఆ బరువంతా ఎక్కువగా భుజం మీద, మోచెయ్యి మీద పడుతుంది. అన్నిటికంటే పెద్ద పోటీ మేజర్ లీగ్. దాని కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్‌లు ఉంటాయి. బడి ముగించిన కుర్రాడు కొన్నేళ్లు ఆ మెట్ల మీద నేర్చుకుంటూ పైకి రావడం ఆనవాయితీ.

ఇక క్లైడ్ సంగతి. 1955లో పుట్టాడు. ఎడమచేతి పిచర్. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో హైస్కూలు చదివాడు. ఆఖరి సంవత్సరంలో బడి తరఫున 18 మ్యాచ్‌లు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. అందులో ఐదు మ్యాచ్‌లలో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. మేజర్ లీగ్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. 1973లో దేశం మొత్తం మీద మొదటి ఎంపిక ఈ కుర్రాడే. ఎంచుకున్న జట్టు టెక్సాస్ రేంజర్స్.

ఆ జట్టు పరిస్థితి ఏమిటి? 1972లో వాషింగ్టన్ నుంచి టెక్సాస్‌కు మారి వచ్చింది. వచ్చిన ఏడాదే 100 మ్యాచ్‌లు ఓడింది. చూడ్డానికి జనం రావడంలేదు. యజమాని బాబ్ షార్ట్‌కు డబ్బు కావాలి. ఇంటి పక్కనే దొరికిన ఈ 18 ఏళ్ల కుర్రాడిలో ఆయనకు టికెట్లు కనిపించాయి. మైనర్ లీగ్ మెట్లేవీ ఎక్కించకుండా, బడి తరఫున ఆఖరి మ్యాచ్ ఆడిన సుమారు మూడు వారాలకే అతణ్ణి నేరుగా మేజర్ లీగ్ దిబ్బ మీద నిలబెట్టారు.

తేదీ 1973 జూన్ 27. ఎదురుగా మిన్నెసోటా ట్విన్స్. ఆ రోజు స్టేడియానికి వచ్చినవాళ్లు 35,698 మంది. టెక్సాస్‌కు వచ్చాక ఆ జట్టు స్టేడియం నిండడం అదే మొదటిసారి. దారిలో బండ్లు ఆగిపోయి ఆట మొదలుపెట్టడమే ఆలస్యమైంది. కుర్రాడు ఐదు ఇన్నింగ్స్ వేసి, ఒక్క హిట్ మాత్రమే ఇచ్చి, 8 మందిని స్ట్రైకౌట్ చేసి గెలిచాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

అదే మ్యాచ్‌లో 7 మందిని వాక్ కూడా చేశాడు. వాక్ అంటే బ్యాటర్‌కు అందకుండా నాలుగు బంతులు వేసి ఊరికే బేస్ ఇచ్చేయడం. కాబట్టి 7 వాక్‌లకు తక్కువలో తక్కువ 28 బంతులు. 8 స్ట్రైకౌట్‌లకు తక్కువలో తక్కువ 24. ఆ 15 మందికే 52 బంతులకు తగ్గవు. మిగిలినవాళ్లకు వేసినవి ఇంకా వేరే. చప్పట్లు కొట్టినవాళ్లు 8ని చూశారు. స్కోరు రాసేవాళ్లు 7ని కూడా చూడాలి. ఆ 7 ఏం చెబుతున్నదంటే, ఈ కుర్రాడికి చెయ్యి ఉంది, ఇంకా నేర్చుకోవలసింది కూడా ఉంది.

మొదట అనుకున్నది రెండు మ్యాచ్‌లే. తర్వాత కింది లీగ్‌కు పంపి నేర్పించాలని మాట. జట్టు మేనేజర్ వైటీ హెర్జోగ్ కూడా అదే కోరుకున్నాడు. కానీ టికెట్లు అమ్ముడవుతున్న కుర్రాణ్ణి యజమాని ఎందుకు పంపుతాడు? ఆ ఏడాదంతా పైనే ఉంచారు. 18 మ్యాచ్‌లు మొదలుపెట్టించారు. 4 గెలుపులు, 8 ఓటములు. జట్టు ఆ ఏడాది 105 మ్యాచ్‌లు ఓడింది. సెప్టెంబరులో హెర్జోగ్‌నే తీసేశారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1974లో బాబ్ షార్ట్ జట్టును అమ్మేసి వెళ్లిపోయాడు. ఆయన ఇల్లు చక్కబడింది. 1976లో డేవిడ్ క్లైడ్ భుజానికి ఆపరేషన్ జరిగింది. 1978, 79లలో క్లీవ్‌లాండ్ తరఫున ఆడాడు గానీ భుజం మళ్లీ మొరాయించింది. 1979 తర్వాత మేజర్ లీగ్‌లో కనిపించలేదు. 26 ఏళ్లకు ఆట మొత్తం మానేసి, మామగారి కలప వ్యాపారంలో పనికి కుదిరాడు. బడిలో ఒక్క ఏడాదిలో 18 గెలుపులు. మేజర్ లీగ్‌లో జీవితం మొత్తానికీ 18 గెలుపులే, 33 ఓటములు. అప్పటి నిబంధన ప్రకారం పింఛను రావాలంటే నాలుగేళ్ల సర్వీసు ఉండాలి. అతనికి 37 రోజులు తక్కువయ్యాయి.

స్టేడియం నింపిన కుర్రాడికి 37 రోజులు తక్కువ! ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

భుజం పాడవడానికి ఆ ఒక్క యజమానే కారణమని నేను అనను. నేను డాక్టరును కాను. అంత ఒత్తిడి పెట్టకపోయినా ఆ భుజం నొచ్చి ఉండేదేమో. కానీ రెండు విషయాలు మాత్రం గట్టిగా అంటాను. ఒకటి, అతను నేర్చుకోవలసిన కాలాన్ని టికెట్ల కోసం ఖర్చు పెట్టేశారు. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి తీసుకెళ్లి పన్నెండో తరగతి పరీక్షలో కూర్చోబెట్టి, ఫెయిలైతే "వీడింతే" అన్నట్టుంది. రెండు, ఎంత ఆడాలి, ఎప్పుడు ఆపాలి అనే నిర్ణయం ఎవరికి లాభమో వాళ్ల చేతిలోనే ఉంది. నొప్పి ఎవరిదో వాళ్ల చేతిలో లేదు.

దీనికి పెద్దవాళ్లు మూడు జవాబులు చెబుతారు. మూడూ చూద్దాం.

మొదటి జవాబు: "చిన్న వయసులోనే రాణించినవాళ్లు లేరా? సచిన్ 16 ఏళ్లకే పాకిస్తాన్‌లో టెస్ట్ ఆడలేదా?" ఉన్నారు. క్లైడ్‌ను ఎంచుకున్న 1973లోనే మూడో ఎంపికగా వచ్చిన రాబిన్ యౌంట్ మరుసటి ఏడాదే 18 ఏళ్లకు మేజర్ లీగ్‌లో ఆడి, చివరికి గొప్ప ఆటగాళ్ల సరసన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. నేను దాచడంలేదు. కానీ సచిన్ బ్యాట్స్‌మన్. యౌంట్ పేరు తెచ్చుకున్నది కూడా బ్యాటుతో, ఫీల్డింగుతో. బ్యాటర్ తప్పు చేస్తే అవుటవుతాడు, రేపు మళ్లీ వస్తాడు. బంతి వేసేవాడు అలసిన చేత్తో వేస్తే వికెట్ పోదు, భుజం పోతుంది. రైల్వే గేటు వేసి ఉండగా కింద దూరి పట్టాలు దాటినవాడు ఒకడు బతికి ఉంటాడు. వాణ్ణి చూపించి పిల్లల్ని దూరమంటామా?

రెండో జవాబు: "ఎంత కాపాడినా దెబ్బ తగిలేవాడికి తగులుతుంది." దీనికి స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను చూపిస్తారు. 2009లో మొదటి ఎంపిక. 2010 జూన్ 8న మొదటి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అదే ఏడాది మోచేతికి ఆపరేషన్. 2012లో అతని జట్టు వాషింగ్టన్ నేషనల్స్ పైస్థాయి పోటీలకు వెళ్తున్నా, చెయ్యి కోలుకునే కాలమని అతణ్ణి సెప్టెంబరులోనే ఆపేసింది. అతను లేకుండా ఆడి ఓడిపోయింది. దేశమంతా తిట్టింది. తర్వాత 2019లో అదే జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. అందులో ఉత్తమ ఆటగాడు స్ట్రాస్‌బర్గే. ఆ తర్వాత మళ్లీ గాయాలే. 2024లో రిటైరయ్యాడు. నిజమే, కాపాడినా గాయాలు పూర్తిగా ఆగలేదు. కానీ ఒక్క కప్పును వదులుకుని ఆగిన జట్టుకు ఏడేళ్లకు కప్పు వచ్చింది, ఆటగాడికి ఆట మిగిలింది. గొడుగు వేసుకున్నా కొంచెం తడుస్తామని గొడుగే వద్దనడం ఏం న్యాయం?

మూడో జవాబు: "ఇప్పుడు ఆపరేషన్లు వచ్చాయి కదా, బాగుచేస్తారు." 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన నరంలాంటి కట్టు స్థానంలో రెండో చేతి నుంచి తీసిన కండర తాడును కుట్టాడు. జాన్ తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కు అతని పేరే నిలిచిపోయింది. కానీ ఆపరేషన్ నాటికి అతనికి 31 ఏళ్లు, వెనక పెద్ద జట్టు ఉంది, కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. మా బడిలో చదివే పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది రోజుకూలికి పోయేవాళ్లు, పూలతోటల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల పిల్లవాడి భుజానికి ఆ ఖర్చు ఎవరు పెడతారు? కప్పు ఇచ్చినవాళ్లు పెడతారా?

అమెరికావాళ్లు ఆలస్యంగానైనా లెక్క పెట్టడం నేర్చుకున్నారు. చిన్న వయసు పిచర్లపై 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, చెయ్యి అలసిపోయాక కూడా తరచుగా బంతులు వేసినవాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు ఎక్కువని తేలింది. పది పన్నెండేళ్ల నుంచి పదహారు పదిహేడేళ్ల దాకా ఎముకల చివర పెరిగే భాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పెద్దవాళ్ల చెయ్యి ఓర్చుకున్నది పిల్లల చెయ్యి ఓర్చుకోదు. 2014లో మేజర్ లీగే ముందుకొచ్చి వయసువారీగా హద్దులు పెట్టింది: 15, 16 ఏళ్లవాళ్లకు రోజుకు 95 బంతులు, 17, 18 ఏళ్లవాళ్లకు 105, ఆ తర్వాత తప్పనిసరి విశ్రాంతి రోజులు. జపాన్‌లో హైస్కూలు బేస్‌బాల్ అంటే దేశమంతా పండగ. అక్కడ 2013లో తోమోహిరో అన్‌రాకు అనే 16 ఏళ్ల కుర్రాడు ఒకే టోర్నమెంటులో 772 బంతులు విసిరాడు. అలాంటివి చూసి చూసి, చివరికి 2020 నుంచి వారానికి 500 దాటకూడదని నియమం పెట్టారు.

"అవన్నీ విదేశాల గొడవలు, మనకెందుకు?" అంటే మన దేశం పేరు కూడా ఇందులో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే రింకూ సింగ్ 2008లో "మిలియన్ డాలర్ ఆర్మ్" పోటీ గెలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో పిచర్‌గా చేరాడు. అమెరికాలో కింది లీగ్‌లలో ఆడాడు. 2014లో ఆ పోటీ కథ సినిమాగా వచ్చింది, సంగీతం మన ఎ.ఆర్. రెహమాన్. సినిమా థియేటర్లలో ఆడుతున్నప్పుడు రింకూ ఆడటంలేదు. మోచేతి ఆపరేషన్ అయి కోలుకుంటున్నాడు. ఆ తర్వాత కుస్తీ వినోదానికి మారిపోయాడు. అతని చేతికి ఎవరి వల్ల నొప్పి వచ్చిందో నాకు తెలిసినట్టు మాట్లాడను. నేననేది ఏమిటంటే, గెలిచిన రోజును అందరం చూస్తాం. చేతికి కట్టు కట్టిన రోజు ఎవరం చూడం.

ఇప్పుడు మన గ్రౌండుకు వద్దాం. పోయిన సంవత్సరం ఒక పోటీలో (ఫలానా పోటీ, ఫలానా ఊరు అని రాయను) మా పదో తరగతి అన్న ఒకడు ఒకే రోజు రెండు మ్యాచ్‌లలో ఐదేసి ఓవర్లు వేశాడు. పది ఓవర్లు, 60 బంతులు. నా స్కోరు పుస్తకంలో పైగా 11 వైడ్లు ఉన్నాయి. అంటే మొత్తం 71 బంతులు. పొద్దున మ్యాచ్‌లో వైడ్లు 2. సాయంత్రం మ్యాచ్‌లో 9, అందులో చివరి రెండు ఓవర్లలోనే 6. చెయ్యి అలసిందని చెప్పడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? "భుజం లాగుతోంది సార్" అని నోటితో కూడా చెప్పాడు. "రేయ్, ఇంకొక్క ఓవరు వెయ్యిరా, మన బడి పరువురా" అన్నారు. వేశాడు. గెలిచాం. కప్పు అద్దాల బీరువాలో ఉంది. ఆ అన్న రెండు నెలలు కుడిచేత్తో తల దువ్వుకోలేకపోయాడు. ఇప్పుడు బంతి ముట్టుకోవడంలేదు.

అలా అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎందుకు అడిగారో నాకు తెలుసు. మనది తమిళనాడులో తెలుగు బడి. ఏటా మా బెంచీలు కొన్ని ఖాళీ అవుతున్నాయి. పక్కింటివాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు మీడియం బస్సు ఎక్కిస్తున్నారు. ఒక కప్పు వస్తే, పేపర్లో ఫొటో పడితే, "తెలుగు బడి కూడా బాగుందే" అని నలుగురు అనుకుంటారని మనవాళ్ల ఆశ. పైగా పిల్లలు తక్కువ. ఉన్న నలుగురే క్రికెట్‌కూ, కబడ్డీకీ, పరుగుపందేనికీ, ఈటె విసరడానికీ పోవాలి. బాబ్ షార్ట్‌కు ఖాళీ కుర్చీలు, మనకు ఖాళీ బెంచీలు. ఆయనకు డబ్బు కావాలి, మనకు భాష బతకాలి. మన కోరిక ఆయన కోరికకంటే మంచిదే. కానీ పిల్లవాడి భుజానికి ఆ తేడా తెలియదు. డబ్బు కోసం వేసినా, తెలుగు కోసం వేసినా 71 బంతులు 71 బంతులే.

ఇంకో సామెత కూడా అడ్డం వేస్తారు: "మొక్కై వంగనిది మానై వంగునా?" వంచండి, కాదనను. వంచడానికి రోజూ కొంచెం కొంచెంగా వంచాలి. ఒక్క రోజులో నేలకు తాకించాలని చూస్తే మొక్క విరుగుతుంది. ఒక పిల్లవాణ్ణి విరిచి నిలబెట్టిన బడి పేరు చూసి ఏ తల్లి తన బిడ్డను తెచ్చి చేర్పిస్తుంది? మన బడి బతకాలంటే, ఇక్కడ పిల్లలు క్షేమంగా ఉంటారనే పేరు రావాలి. ఆ పేరు ముందు ఏ కప్పైనా చిన్నదే.

అందుకే నాలుగు కోరికలు రాస్తున్నాను. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఒకటి, ప్రతి బౌలర్‌కూ, ఈటె, గుండు విసిరే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక నోటు పుస్తకం. ఏ రోజు ఎన్ని వేశారో అందులో రాయాలి. ప్రాక్టీసు కూడా లెక్కే. రాసే పని మాలాంటివాళ్లకు ఇవ్వండి, మేం రాస్తాం.

రెండు, "నొప్పి" అన్న పిల్లవాణ్ణి రెండోసారి అడగకుండా బయటికి తీసుకురావాలి. "నటిస్తున్నాడు" అనే మాట గ్రౌండులో ఎవరూ అనకూడదు. ఆడపిల్లలు చెప్పినప్పుడైతే అసలే అనకూడదు.

మూడు, ఇంకొక్క ఓవరు వేయాలా వద్దా అని కప్పు కావాలనుకునేవాళ్లు ఒక్కరే నిర్ణయించకూడదు. ఆ రోజు గ్రౌండుకు వచ్చిన ఇంకో టీచరో, ఎవరైనా తల్లో తండ్రో పక్కన ఉండి ఆపమంటే ఆపాలి.

నాలుగు, ఒక్కడి మీదే ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురికి బౌలింగ్ నేర్పించాలి. దానివల్ల ఓడిపోతే ఓడిపోదాం. ఓడిన మ్యాచ్ నేను స్కోరు పుస్తకంలో రాస్తాను, మరుసటి పేజీ తిప్పుతాను. పోయిన భుజానికి మరుసటి పేజీ ఉండదు.

తోటి ఆటగాళ్లకు కూడా ఒక మాట. మీరు "వేస్తాను సార్" అనడం ధైర్యమే. 18 ఏళ్ల డేవిడ్ క్లైడ్ కూడా కాదనలేదు. స్టేడియం నిండా జనం పిలుస్తుంటే ఏ పిల్లవాడు కాదంటాడు? అందుకే ఆ భారం మీ మీద పెట్టడం తప్పు. కాదనే బాధ్యత పెద్దవాళ్లది.

జోనల్ పోటీలు మళ్లీ వస్తున్నాయి. ఈసారి బంతి చేతికి ఇచ్చే ముందు ఆ నోటు పుస్తకం తెరిచి చూడండి. దీపం పిల్లవాడిది. ఎంతసేపు వెలగాలో ముందు దాని నూనె చూసి చెప్పండి. మన ఇల్లు చక్కబెట్టుకునే పని తర్వాత చూసుకుందాం.